లోపలి నట్టు

మా బావగారి గురించి రెండు పేజీలు రాసివ్వమని పళ్ళ డాక్టరుగారు అడిగి నెల దాటింది. డాక్టరుగారు బొమ్మ విమానాలు ఎగరేసేవాళ్ళ క్లబ్బుకి కార్యదర్శి. క్లబ్బు పెట్టి పాతికేళ్ళయిందని ఒక పుస్తకం వేస్తున్నారు. అందులో మా బావగారి ఫోటో, దాని కింద నాలుగు మంచి ముక్కలు ఉండాలని వాళ్ళ కోరిక. "ఆ ఒక్క సంగతీ వదిలెయ్యండమ్మా. పోయినాయన్ని ఇప్పుడెందుకు అల్లరి చెయ్యడం?" అని గుమ్మం దాటుతూ మెల్లగా చెప్పి వెళ్ళారు.

ఆ ఒక్క సంగతీ క్లబ్బులో అందరికీ తెలిసిందే. మా బావగారంటే మా ఆయనకి స్వయానా అన్నగారు. ఒకరోజు ఆయన తమ్ముడికి "ఆపాను" అని చెప్పారు. ఆ మాట నమ్మి మా ఆయన విమానం ప్రొపెల్లరు మీద చెయ్యి వేశారు. ఇంజను ఆపి లేదు. కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. ఆ తర్వాత బావగారు పోయేదాకా, నాలుగేళ్ళ మూడు నెలల పాటు, అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

వదిలెయ్యమన్నారు కాబట్టి అదే రాస్తున్నాను. నాకు ముక్కు మీద కోపమని మా పుట్టింటివాళ్ళు పెళ్ళికి ముందే వీళ్ళకి చెప్పి పెట్టారు, తర్వాత మాట రాకుండా. ఆ కోపం ఇన్నాళ్ళూ అందరి మీదా చూపించాను, చూపించాల్సిన మనిషి మీద తప్ప. ఆ "ఆపాను" ఎలా అబద్ధమయిందో తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఒకరు పోయారు. మా ఆయనకి ఈ రోజుకీ తెలీదు.

బావగారిని తెలిసినవాళ్ళంతా అయస్కాంతంగారు అనేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ముక్క ఉండేది. ఇంటి తాళంచెవి, చిన్న మేకులు, నా జడపిన్నులు ఆ జేబుకి అంటుకుని వేలాడుతూ ఉండేవి. ఇంట్లో ఏ ఇనప వస్తువు కనపడకపోయినా ముందు బావగారి జేబు చూసేవాళ్ళం. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేను కొత్తలో ఒకసారి అడిగితే చాలాసేపు ఆలోచించి, "గుర్తు రాలేదమ్మాయ్," అన్నారు. హాస్యానికి కాదు, నిజంగానే అన్నారు. ఆయనకి హాస్యం తెలీదు, అబద్ధమూ రాదు.

పదమూడో ఏట మోపెడ్లు బాగుచేసే షెడ్డులో చేరారు. అక్కడి ముసలి మేస్త్రీ ఒకాయన మాగ్నెటో కాయిళ్ళు చుట్టడం నేర్పాడట. మోపెడ్ల కాలం అయిపోయాక, చెట్లు కోసే రంపపు మిషన్ల పాత ఇంజన్లు తుక్కులో ఏరి తెచ్చి, కోసి, అరగదీసి, బొమ్మ విమానాలకి పనికొచ్చేలా చెయ్యడం మొదలుపెట్టారు. బొమ్మలంటే చేతిలో పట్టుకునేవి కాదు. రెక్క ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక మంచం కన్నా పొడుగు. ముందున్న ప్రొపెల్లరు మూర కన్నా పెద్దది, గట్టి చెక్క. పెట్రోలుతో తిరుగుతుంటే దాని ఆకులు కంటికి కనపడవు.

మాగ్నెటో సంగతి చెప్పకపోతే ముందుకి వెళ్ళలేను. ఇంజను వెనక ఒక చక్రం, చక్రంలో అయస్కాంతం, పక్కనే కాయిలు. అయస్కాంతం కాయిలు పక్కనుంచి జోరుగా వెళ్ళిన ప్రతిసారీ కరెంటు పుడుతుంది, ప్లగ్గులో రవ్వ పడుతుంది, పెట్రోలు అంటుకుంటుంది. బ్యాటరీ ఉండదు. "తిరిగినంతసేపూ దాని రవ్వ అదే పుట్టించుకుంటుందమ్మాయ్. ఎవరి దగ్గరా చెయ్యి చాచదు," అనేవారు బావగారు. ఆ మాట అనేటప్పుడు మొహం చూడాలి, సొంత బిడ్డకి ఉద్యోగం వచ్చినంత సంబరం.

నేను కాపురానికొచ్చిన రెండో నెలలోనే నా వేళ్ళ మీద ఆయన కన్ను పడింది. సన్నగా ఉన్నాయి, చెమట పట్టవు. "ఈ అమ్మాయి వేళ్ళు వంటింట్లో పాడైపోతున్నాయిరా," అని మా ఆయనతో చెప్పి, నన్ను వెనక షెడ్డులో కూచోబెట్టారు. ఇంట్లో ఒక్కరూ అడ్డు చెప్పలేదు, నా వంట అటువంటిది. తల వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ. పదివేల చుట్లు. వరసకీ వరసకీ మధ్య పల్చటి కాగితం. తీగ కదిలిపోతుందని ఫ్యాను వెయ్యకూడదు, తుమ్ము వస్తే లేచి బయటికెళ్ళి తుమ్మి రావాలి. మొదటి కాయిలు ఏడు వేల చుట్ల దగ్గర తెగింది. ఏడ్చాను. ఆయన తెగిన కాయిలు తీసుకుని చూసి, "ఏడు వేలదాకా బాగా చుట్టావు," అన్నారు. నా బతుకులో నన్నెవరైనా మెచ్చుకున్నారంటే అదే మొదలు.

షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. నట్టు ఎవరు విప్పితే వాళ్ళు మళ్ళీ బిగించి, దాని మీద తమ రంగు చుక్క పెట్టాలి. రంగు ఎండితే నట్టు అదురుకి వదులు కాదు, పైగా ఎవరి చెయ్యి పడిందో తెలుస్తుంది. బావగారిది పసుపు రంగు. నాది ఎర్రటి గోళ్ళరంగు, పెళ్ళికి కొనిచ్చిన సీసా గోళ్ళకి వాడకుండా నట్లకే అయిపోయింది. చుక్క లేని నట్టు, మొదట బిగించాక మళ్ళీ ఎవరూ ముట్టుకోని నట్టు కింద లెక్క. ఇరవై ఏళ్ళలో ఈ కట్టుబాటు ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇక మా ఆయన. ఆయన ఎగరేసేవారు. ఇంజను చేతితో తిప్పి స్టార్టు చెయ్యడం కూడా ఆయన పనే. అన్నగారు విమానం తోక కాళ్ళ మధ్య ఇరికించుకుని, ఒక చెయ్యి రెక్క మీద, ఒక చెయ్యి స్విచ్చి మీద పెట్టి కూచునేవారు. తమ్ముడు ముందు నిలబడి, "ఆపావా?" అని అడిగేవారు. "ఆపాను," అని జవాబు వచ్చాకే చెయ్యి ప్రొపెల్లరు దగ్గరికి వెళ్ళేది. "పెట్టావా?" అంటే "పెట్టాను," అని వచ్చాక విసురుగా ఒక్క తిప్పు తిప్పి చెయ్యి లాగేసుకునేవారు. పక్కన పిడుగు పడినా ఈ రెండు ప్రశ్నలూ రెండు జవాబులూ మారేవి కావు. ఇద్దరూ రోజంతా వేరే ఏమీ మాట్లాడుకోకపోయినా ఇవి మాత్రం మాట్లాడుకునేవాళ్ళు.

స్విచ్చి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మాగ్నెటోని ఆపాలంటే తీగని తెంపడం కాదు, కలపాలి. కాయిలు తీగని ఇంజను ఒంటికి కలిపితే కరెంటు రవ్వ కాకుండా అందులోకి పోతుంది. కలిపితే ఆగుతుంది, విడదీస్తే నడుస్తుంది. మా స్విచ్చి మీట కిందికి నొక్కితే తీగలు కలిసేవి. కింద ఉంటే ఆగినట్టు, పైన ఉంటే నడిచేట్టు. మా ఇంటినుంచి బయటికెళ్ళిన ప్రతి విమానానికీ ఇదే పద్ధతి. బావగారి బొటనవేలికి ఇది ఎంత అలవాటంటే, ఇంట్లో లైటు ఆర్పడానికి కూడా ముందు కిందికే నొక్కి, ఆరకపోయేసరికి నాలిక కరుచుకునేవారు.

మాగ్నెటోకి ఒక దుర్గుణం ఉంది, ఒక్కోసారి వెనక్కి తంతుంది. మెల్లగా తిప్పితే రవ్వే రాదు. గట్టిగా విసరాలి, విసిరినప్పుడు రవ్వ కాస్త ముందే పడుతుంది, ప్రొపెల్లరు ఎదురు తిరిగి వేళ్ళని కొడుతుంది. మా ఆయన వేళ్ళ కణుపులు ఎప్పుడూ కమిలే ఉండేవి. మనిషి చూస్తే ఇస్త్రీ మడత నలగని చొక్కా, పైగుండీ దాకా పెట్టుకుంటారు, బనీను చొక్కాలు చిన్నపిల్లలకంటారు. కింద చూస్తే ఆ వేళ్ళు. రాత్రి కాపడం పెడుతూ నేను తిట్టేదాన్ని. ఆయన్ని కాదు, ఇంజన్ని.

అప్పుడు వచ్చింది ఎలక్ట్రానిక్ డబ్బా. అగ్గిపెట్టెలు రెండు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది. దాన్ని పెడితే బరువైన చక్రం అక్కర్లేదు, నేను చుట్టే కాయిలు అక్కర్లేదు. ఒక బ్యాటరీ కావాలి, అంతే. మెల్లగా తిప్పేటప్పుడు రవ్వని ఆలస్యంగా వేస్తుంది కాబట్టి వెనక్కి తన్నదు. రెండు వేళ్ళతో నెట్టినా స్టార్టవుతుంది. క్లబ్బులో ఒక్కొక్కరే దానికి మారారు. మా షెడ్డుకి వచ్చేవాళ్ళు తగ్గారు.

బావగారు ఆ డబ్బా పేరెత్తితే మండిపడేవారు. "బ్యాటరీ అయిపోతే గాల్లో దానికి దిక్కెవరు? మాగ్నెటో చస్తే ఎందుకు చచ్చిందో విప్పి చూసుకోవచ్చు. దీన్ని జిగురు పోసి మూసేశారు. లోపల ఏముందో చూడనివ్వని దాన్ని నేను నమ్మను," అనేవారు. ఆ మాటలో తప్పు లేదు. నేనూ కాయిళ్ళు చుట్టినదాన్నే, ఆ డబ్బా వస్తే పోయేది నా పని కూడా. అయినా మొదటిసారి బావగారికి ఎదురు చెప్పాను.

"మీకు మాగ్నెటో కావాలి, సరే. మీ తమ్ముడి వేళ్ళు చూశారా ఎప్పుడైనా?" అన్నాను.

"నలభై ఏళ్ళనుంచి చూస్తున్నా. కమిలితే తగ్గుతాయి."

"తన్నేది మిమ్మల్ని కాదుగా, తగ్గుతాయనే అంటారు."

అన్నాక నాలిక కరుచుకున్నాను. ఆయన ఆ రోజు భోజనానికి రాలేదు. మర్నాడు పళ్ళ డాక్టరుగారు తన కొత్త విమానానికి ఎలక్ట్రానిక్కే కావాలని వస్తే, బావగారు మాట్లాడకుండా డబ్బా అందుకున్నారు. నా మాటకి మెత్తబడ్డారని నేను లోపల్లోపల పొంగిపోయాను. అసలు ఆ విమానం మా షెడ్డులో మాగ్నెటోకని సగం కట్టేసిందే. స్విచ్చి అప్పటికే బిగించి ఉంది, మా పద్ధతి ప్రకారం, మీట కిందికి నొక్కితే తీగలు కలిసేట్టు.

ఇక్కడే ఉంది అంతా. ఎలక్ట్రానిక్ డబ్బాకి తీగలు కలిపితే నడుస్తుంది, విడదీస్తే ఆగుతుంది. మాగ్నెటోకి సరిగ్గా తలకిందులు. ఆ స్విచ్చిని అలాగే ఉంచి డబ్బా తగిలిస్తే, మీట కిందికి నొక్కినప్పుడు ఆగదు, నడుస్తుంది. నలభై ఏళ్ళ అలవాటున్న బొటనవేలు కిందికి నొక్కి "ఆపాను" అంటుంది. అందుకని స్విచ్చిని దాని కన్నంలోనే సగం చుట్టు తిప్పి బిగించాలి. లోపలి నట్టు వదులు చేసి, తిప్పి, మళ్ళీ బిగించడం. ఒక్క నిమిషం పని. ఈ సంగతి కొత్తవాళ్ళకి అవసరం లేదు, వాళ్ళ వేళ్ళకి ఏ అలవాటూ ఉండదు. మాగ్నెటో మీద ముసలివాళ్ళయినవాళ్ళకే ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం.

శనివారం మధ్యాహ్నం బావగారు డబ్బా తగిలించి, చేతులు కడుక్కుని, భోంచేసి పడుకున్నారు. బ్యాటరీ డాక్టరుగారి దగ్గరే ఉంది, పొద్దున మైదానానికి తెస్తానన్నారు. రెక్కలు ఇంకా బిగించలేదు. నేను ఊడవడానికి షెడ్డులోకి వెళ్ళి, రెక్క పెట్టే ఖాళీలోంచి లోపలికి చూశాను. డబ్బా గీత గీసినట్టు కుదురుగా ఉంది. స్విచ్చి వెనక నట్టు మీద పసుపు చుక్క లేదు. అంటే ఆయన ఆ నట్టు ముట్టుకోలేదు. అంటే స్విచ్చి తిప్పలేదు. మర్చిపోయారు.

లేపి చెబుదామా అనుకున్నాను. రెండు రోజులై నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఇప్పుడు వెళ్ళి "మీరు మర్చిపోయారు" అంటే మనిషి ఇంకా కుంగిపోతారు. ముసలితనం అనుకుంటారు. ఎందుకొచ్చిన గొడవ, నేనే తిప్పేస్తే పోతుంది కదా అనిపించింది. పానా తీసి, నట్టు వదులు చేసి, స్విచ్చి సగం చుట్టు తిప్పి, బిగించాను. చేతి అలవాటు కొద్దీ ఒక ఎర్ర చుక్క పెట్టి, ఊదాను. తర్వాత ఊడుపు పూర్తి చేసి వచ్చేశాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. చెప్పాల్సినంత పని చేశానని తోచలేదు.

ఆదివారం పొద్దున మైదానంలో పదిహేను మందిదాకా ఉన్నారు. అయస్కాంతంగారు డబ్బా తగిలించారని తెలిసి, చూడటానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. బావగారు తోక కాళ్ళ మధ్య ఇరికించుకుని కూచున్నారు. డాక్టరుగారు బ్యాటరీ తగిలించారు.

"పెట్టావా?"

"పెట్టాను." మీట పైకి.

మా ఆయన తిప్పారు. పలకలేదు. మళ్ళీ తిప్పారు. పది పన్నెండు సార్లు తిప్పినా చప్పుడు లేదు. పెట్రోలు మాత్రం లోపలికి వెళ్తూనే ఉంది. ఎవరో నవ్వారు. "మాగ్నెటో చేతికి డబ్బా లొంగుతుందా," అన్నారు ఇంకెవరో. బావగారి చెవులు ఎర్రబడ్డాయి.

"లోపల పెట్రోలు నిండిపోయింది. మెల్లగా తిప్పి బయటికి పంపేస్తా. ఆపావా?" అన్నారు మా ఆయన.

"ఆపాను." మీట కిందికి.

మా ఆయన అన్నగారి మొహం కూడా చూడలేదు. ఎప్పుడూ చూసేవారు కాదు. ప్రొపెల్లరు ఆకుని నాలుగు వేళ్ళతో చుట్టి పట్టుకుని, మెల్లగా, తాపీగా తిప్పారు. మాగ్నెటో అయితే పెట్టి ఉన్నా అంత మెల్లగా తిప్పితే రవ్వ రాదు, అది ఆయన చేతికి తెలుసు. డబ్బాకి మెల్లనా జోరూ ఒకటే.

చప్పుడు ఎక్కువ రాలేదు. ఇంజను ఒక్కసారి దగ్గి, అందుకుని, చక్కగా నడవడం మొదలుపెట్టింది. మా ఆయన తన చెయ్యి ఎత్తి చూసుకున్నారు. అరవలేదు. చొక్కా మీద పడిన రక్తం తుడుచుకోబోయారు, తుడవడానికి వేళ్ళు లేవు. నేను బావగారి వైపు చూశాను. ఆయన బొటనవేలు మీట మీదే ఉంది. మీట కిందికే ఉంది. ఇంజను నడుస్తోంది. ఆయన మీటనే చూస్తున్నారు, దాన్ని ఎన్నడూ చూడనట్టు. తర్వాత పైకి లేపారు. ఇంజను ఆగిపోయింది.

నాకు అప్పుడే తెలిసింది. ఆయన మర్చిపోలేదు. నాకన్నా ముందే తిప్పి పెట్టారు. ఆయన తిప్పిందాన్ని నేను మళ్ళీ తిప్పాను.

ఆసుపత్రి వరండాలో పళ్ళ డాక్టరుగారు అడిగారు, "స్విచ్చి దగ్గర ఎవరున్నారు?" అని. చూస్తూ ఉండి కూడా అడిగారు. "నేనే," అన్నారు బావగారు. "తీగలు ఎవరు కలిపారు?" "నేనే." నేను గోడకి ఆనుకుని ఉన్నాను. లోపల ఆపరేషను జరుగుతోంది, బయటికొచ్చాక చెబుదాం అనుకున్నాను. బయటికొచ్చాక, తెలివి రానీ అనుకున్నాను. తెలివి వచ్చాక మా ఆయన అన్న మొదటి మాట, "ఆ డబ్బా మీద కసి నా చేతి మీద తీర్చుకున్నాడు." ఆ తర్వాత ఇక ఎలా చెప్పను?

క్లబ్బులో కూడా అదే మాట అయింది. పంతానికి పోయి స్విచ్చి తిప్పకుండా వదిలేశాడట, డబ్బా ప్రమాదమని రుజువు చెయ్యాలనుకున్నాడట. నలభై ఏళ్ళలో ఒక్క వదులు నట్టు బయటికి పంపని మనిషి గురించి ఇలా అనుకున్నారు. షెడ్డుకి ఇంజన్లు రావడం ఆగిపోయింది. బావగారు ఒక్కరికీ బదులు చెప్పలేదు. పొద్దున్నే షెడ్డు తీసి, బల్ల తుడిచి, ఖాళీ బల్ల ముందు కూచునేవారు. జేబులో అయస్కాంతం ఉండటం మానేసింది. ఇల్లంతా వెతికితే నా జడపిన్నులు ఎక్కడ పడినవి అక్కడే దొరికేవి, అది చూసి ఏడుపొచ్చేది.

మూడో వారంలో మా ఆయన నిద్రపోతున్నప్పుడు నేను షెడ్డులోకి వెళ్ళాను. ఆ విమానం డాక్టరుగారు తీసుకోలేదు, మూల పడి ఉంది. రెక్కలు విప్పాను. నేను వెళ్ళింది మంచి పనికి కాదు, రాసేస్తున్నాను, నా ఎర్ర చుక్క గోకేద్దామని వెళ్ళాను. లోపల చెయ్యి పెట్టి, లైటు వేసి చూశాను. ఎర్ర చుక్క లేదు. శుభ్రంగా గోకేసి ఉంది. నట్టు మీద పసుపు చుక్క ఉంది, అప్పుడే పెట్టినట్టు కొత్తగా.

వెనక్కి తిరిగితే బావగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"బావగారూ, ఆ నట్టు..."

"నేను విప్పిందే అమ్మాయ్. రంగు చూశావుగా."

"అది నేను..."

"శనివారం పొద్దున్నే తిప్పా. బల్బు పెట్టి రెండుసార్లు చూసుకున్నా. కింద ఉంటే ఆగాలి, ఆగింది. బిగించాక రంగు సీసా తీశా. తీసి మళ్ళీ పెట్టేశా. ఆ డబ్బా నా పని కాదు, దాని మీద నా గుర్తు ఎందుకు పెట్టాలనుకున్నా. అదీ నేను చేసింది. చుక్క పెట్టి ఉంటే నువ్వు ముట్టుకునేదానివి కావు." ఇంత పొడుగు మాట ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు.

"ఆయనకి చెప్పేస్తాను బావగారూ. మీరు కసితో చేశారనుకుంటున్నారు."

"అనుకోనీ. అన్న మీద కోపం పెట్టుకుని బతకొచ్చు, ఎంతమంది బతకట్లేదు. నీ మీద కోపం వస్తే వాడికి పొద్దున్నే గుండీలు ఎవరు పెడతారు?"

అని లోపలికొచ్చి, రెక్కలు తీసుకుని మళ్ళీ బిగించడం మొదలుపెట్టారు. నేను పట్టుకున్నాను. ఆ రోజు తర్వాత మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

ఇది త్యాగమని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన చెప్పొద్దన్నారు, నిజమే. నాకు కావాల్సిందీ అదే. ఆయన మాట జవదాటలేదని నన్ను నేను మెచ్చుకుంటూ నాలుగేళ్ళు హాయిగా దాక్కున్నాను. మా ఆయన ఇనప సామాన్ల కొట్లో కౌంటరు దగ్గర కూచుంటున్నారు, ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నారు. పొద్దున్నే గడ్డం ఎత్తి నిలబడతారు, నేను ఆరు గుండీలు పెడతాను. పక్కగదిలో బావగారు దగ్గుతుంటే, "తలుపు వెయ్యి," అంటారు. నేను వేసేదాన్ని.

ఆ దగ్గే ఆయన్ని తీసుకుపోయింది. ఆఖరి రోజు మధ్యాహ్నం నన్ను పిలిచి, "వాణ్ణి ఒకసారి రమ్మను," అన్నారు. నేను బతిమాలితే మా ఆయన వచ్చారు. గుమ్మం దాటలేదు. బావగారు ఆ చేతివైపు చూశారు. బొటనవేలు, చిటికెనవేలు. మధ్యలో ఏమీ లేదు. పెదవులు కదిలాయి, మాట రాలేదు.

"ఏం కావాలట?" అని మా ఆయన నన్ను అడిగారు.

అప్పుడు చెప్పొచ్చు. ముగ్గురం ఒకే గదిలో ఉన్నాం, ఒక్క వాక్యం చాలు. అన్నగారు తలెత్తుకుని పోయేవారు. నేను, "ఏమీ లేదు, చూద్దామనుకున్నారు," అన్నాను. మా ఆయన వెళ్ళిపోయారు. సాయంత్రం అయిదింటికి బావగారు పోయారు. శవాన్ని తీసుకెళ్ళేటప్పుడు కూడా మా ఆయన ఎడమచేత్తోనే భుజం పట్టారు, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని.

డాక్టరుగారూ, రెండు పేజీలు అడిగారు, ఇన్ని అయ్యాయి. మీ పుస్తకంలో వేస్తారో లేదో మీ ఇష్టం. వేస్తే ఫోటో కింద, ఈయన తిప్పిన స్విచ్చి సరిగ్గానే ఉంది అని మాత్రం తప్పకుండా వెయ్యండి. కానీ ఈ కాగితాలు ముందు మీకు ఇవ్వను. రేపు పొద్దున గుండీలు పెట్టడం అయ్యాక మా ఆయన ఎడమచేతిలో పెడతాను. ఆయన ఒక్కొక్క అక్షరం నిదానంగా చదివే మనిషి, మధ్యాహ్నందాకా పడుతుంది.

నిన్న బజారుకెళ్ళి, తల మీంచి తొడుక్కునే బనీను చొక్కాలు నాలుగు కొనుక్కొచ్చాను. ఆయనకి నచ్చవని తెలుసు. మడిచి అలమరలో ఎడమచేతికి అందే అరలో పెట్టాను. వాటికి గుండీలు లేవు, తొడుక్కోవడానికి పక్కన ఎవరూ అక్కర్లేదు.